వంద కోట్ల ఏడు: ఈ ప్రైమ్ సంగతి దాని పక్క సంఖ్యలను అడగాలి

అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ప్లేస్‌మెంట్ టెస్టులకు ప్రిపేర్ అవుతున్న ఒక ఫైనలియర్ తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. "కోడింగ్ టెస్టుల్లో సగం ప్రాబ్లమ్స్‌లో ఆన్సర్‌ని 1000000007తో భాగించి శేషం ఇవ్వమంటారు. అది ప్రైమ్ (ప్రధాన సంఖ్య) కాబట్టి అని మా సార్ చెప్పారు. ప్రైమ్‌లు కోట్ల కొద్దీ ఉన్నాయి కదా, ఇదే ఎందుకు? ముందున్న రెండూ కూడితే తర్వాతి పదం వచ్చే ఫిబొనాచీ ప్రాబ్లమ్‌లో √5 ఉన్న ఫార్ములా వాడితే చిన్న పదాలకు కరెక్టే వస్తోంది, పెద్దవాటికి తప్పొస్తోంది. సరే, శేషాల్లోనే √5 వెతుకుదామని ప్రోగ్రాం రాస్తే రాత్రంతా తిరిగినా దొరకలేదు. మా రూమ్మేట్ చివరి 7 తీసి 9 పెట్టమన్నాడు. పెడితే వెంటనే దొరికింది! ఇదేం మాయ?"

ముందు నీ టెన్షన్ తీరుస్తాను తమ్ముడూ. నీ ప్రోగ్రాంలో తప్పు లేదు. 1000000007 శేషాల్లో √5 అనేదే లేదు. 0 నుంచి 1000000006 దాకా ఏ సంఖ్యను వర్గం చేసి ఆ ప్రైమ్‌తో భాగించినా శేషం 5 రానే రాదు. ఎన్ని రాత్రులు తిరిగినా అంతే. 1000000009లో మాత్రం ఉంది. అది 383008016. దాని వర్గం 146695140320256256. అందులోంచి 1000000009 × 146695139 తీసేస్తే సరిగ్గా 5 మిగులుతుంది. పైథాన్‌లో ఒక్క లైన్ రాసి చూసుకో.

దీనికి కారణం ఆ చివరి అంకెలోనే ఉంది. 2, 5 మినహా ఏ ప్రైమ్ అయినా 1, 3, 7, 9లలో ఒకదానితోనే ముగియాలి. 1తో గానీ 9తో గానీ ముగిస్తే దాని శేషాల్లో √5 ఉంటుంది. 3తో గానీ 7తో గానీ ముగిస్తే ఉండదు. చిన్నవాటి మీద చేత్తో చేసి చూడు. 11 తీసుకో: 4 వర్గం 16, పదకొండు పోగా 5. 19 తీసుకో: 9 వర్గం 81, అందులో 76 పోగా 5. ఇప్పుడు 7 తీసుకుంటే వర్గాల శేషాలు 1, 4, 2 మాత్రమే, 5 లేదు. 13కి 1, 4, 9, 3, 12, 10. అందులోనూ లేదు. దీని వెనక ఉన్న సిద్ధాంతం పేరు క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీ. గౌస్ దాని నిరూపణను 1801లో అచ్చు వేయించాడు. మన విషయంలో అది చెప్పేది ఇంతే: ఒక ప్రైమ్ శేషాల్లో 5కి వర్గమూలం ఉందా అని అడగడమూ, 5 శేషాల్లో ఆ ప్రైమ్‌కి వర్గమూలం ఉందా అని అడగడమూ ఒకటే. వంద కోట్ల సైజు ప్రశ్న ఐదు వేళ్ల మీద లెక్కపెట్టే ప్రశ్నగా మారిపోయింది. 5 శేషాల్లో వర్గాలు 1, 4 మాత్రమే. 7తో ముగిసే సంఖ్యను 5తో భాగిస్తే 2 మిగులుతుంది, 9తో ముగిసేదాన్ని భాగిస్తే 4 మిగులుతుంది. అంతే సంగతి.

రూమ్మేట్ సలహా గణితంగా కరెక్టే, కానీ టెస్టులో పనికిరాదు. ప్రాబ్లమ్ వంద కోట్ల ఏడుతో శేషం అడిగితే, వంద కోట్ల తొమ్మిదితో తీసిన శేషం నుంచి దాన్ని రాబట్టే దారి లేదు. ఇక దశాంశాల √5తో పెద్ద పదాలకు తప్పెందుకొస్తుందంటే, దశాంశాలు దాచుకునే డబుల్ టైపులో నిక్కచ్చిగా నిలిచేది 15, 16 అంకెలు మాత్రమే. సుమారు 70వ పదం దాటేసరికి ఆ ఫార్ములా ఒకట్ల స్థానంలోనే తేడా కొడుతుంది, శేషానికి కావలసింది ఆ ఒకట్ల స్థానమే. 2×2 మాట్రిక్స్ ఘాతంతో చెయ్యి, హాయిగా ఉంటుంది. √5 మీద అంత మమకారం ఉంటే దానికీ మార్గముంది. కాంప్లెక్స్ నంబర్లలో √−1కి విలువ వెతక్కుండా ఒక గుర్తుగా మోసుకెళ్తాం కదా, అలాగే √5ని గుర్తుగానే ఉంచి, దాని ముందున్న గుణకాలను మాత్రం శేషాలుగా నడిపించు. చివర్లో √5 దానంతటదే కొట్టేసుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. "ప్రైమ్ కాబట్టి" అన్నది సగం సమాధానమే. ప్రైమ్ అయితే చాలు, సున్నా తప్ప ప్రతి సంఖ్యకూ విలోమం, అంటే దాంతో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య ఉంటుంది, కాబట్టి భాగహారం చేసుకోవచ్చు. ఇది ప్రతి ప్రైమ్‌కీ ఉన్న గుణమే. ఒక్కో ప్రైమ్‌కి ప్రత్యేకంగా ఉండే గుణాలు దానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ ఉన్న సంఖ్యల నుంచి వస్తాయి. సంబంధం కుదుర్చుకునేముందు పక్కింటివాళ్లను వాకబు చేసినట్టు, ప్రైమ్ గురించి తెలుసుకోవాలంటే దాని పక్కనున్న రెండు సంఖ్యలనూ కారణాంకాలుగా విడగొట్టి చూడాలి. ప్లేస్‌మెంట్ నోట్సుల్లో ఈ ముక్క ఎవరూ రాయరు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి "మాడ్ (శేషం తీసే భాజకం) = 1000000007" అని మొదటి పేజీలో శ్లోకంలా అచ్చేసి వదిలేస్తారు.

ముందు కుడి పక్క, 1000000008. ఇది 8 × 9 × 7 × 109 × 109 × 167. ఒకటి నుంచి తొమ్మిది దాకా 5 ఒక్కటి తప్ప అన్నీ దీన్ని నిశ్శేషంగా భాగిస్తాయి. దాంతో విలోమాలు నోటిలెక్కగా వచ్చేస్తాయి. 3కి విలోమం కావాలంటే 1000000008ని 3తో భాగించు, 333333336 వస్తుంది. దాన్ని 3తో గుణిస్తే 1000000008, అందులోంచి మన ప్రైమ్ తీసేస్తే 1. పని పూర్తి. అలాగే 2కి 500000004, 4కి 250000002, 6కి 166666668, 7కి 142857144, 9కి 111111112. పాత కోడ్‌లలో 500000004, 166666668 లాంటి వింత సంఖ్యలు కనిపించి భయపెడుతుంటాయి. అవి సగం, ఆరో వంతు, అంతే. వర్గాల మొత్తం ఫార్ములాలో 6తో భాగించాలి కాబట్టి ఆ రెండోది తరచూ కనిపిస్తుంది. 5 దగ్గర మాత్రం ఒక మెట్టు పైకెక్కాలి: 400000003 × 5 = 2000000015, అంటే మన ప్రైమ్‌కి రెండింతలు, పైన ఒకటి. వర్గమూలంలో పేచీ పెట్టింది 5, ఇక్కడా పేచీ పెట్టింది అదే. రెంటికీ మూలం చివరి అంకె 7.

ఈ కుడి పక్క సంఖ్యకు అవతల ఉన్నదే నీ రూమ్మేట్ చెప్పిన 1000000009. రెండూ ప్రైమ్‌లే, మధ్యలో ఒక్క సంఖ్యే తేడా. ఇలాంటివాటిని కవల ప్రైమ్‌లంటారు. 3, 5 జంటను పక్కన పెడితే ఏ కవలల మధ్యనైనా ఇరుక్కున్న సంఖ్య 6 గుణిజమై తీరాలి. వరుస మూడు సంఖ్యల్లో ఒకటి 3 గుణిజం కావాలి, అటూ ఇటూ ఉన్నవి ప్రైమ్‌లు కాబట్టి ఆ బాధ్యత మధ్యదాని మీదే పడుతుంది, పైగా అది సరిసంఖ్య. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఫిబొనాచీ పదాల శేషాలు కొంత దూరం పోయాక మళ్లీ మొదటికొస్తాయి. √5 ఉన్న ప్రైమ్ అయితే ఆ చక్రం పొడవు ఎడమ పక్క సంఖ్యను భాగిస్తుంది. √5 లేకుండా 3తోనో 7తోనో ముగిసే ప్రైమ్ అయితే కుడి పక్క సంఖ్యకు రెట్టింపును భాగిస్తుంది. 1000000009కి ఎడమ పక్కదీ, 1000000007కి కుడి పక్కదీ ఒకటే సంఖ్య! కాబట్టి వంద కోట్ల తొమ్మిదిలో ఎన్నో పదం అన్న సంఖ్యను 1000000008తో తగ్గించుకోవచ్చు, వంద కోట్ల ఏడులో 2000000016తో తగ్గించుకోవాలి. పద సంఖ్యే వెయ్యి అంకెలుండే ప్రాబ్లమ్స్‌లో ఇది ప్రాణం కాపాడుతుంది.

ఇక ఎడమ పక్క, 1000000006. ఇది 2 × 500000003, ఆ 500000003 కూడా ప్రైమే. ఇలా ఒకటి తీసేసి సగం చేస్తే మళ్లీ ప్రైమ్ వచ్చేవాటిని సేఫ్ ప్రైమ్‌లంటారు. ఆ సగానికి సోఫీ జెర్మేన్ ప్రైమ్ అని పేరు. ఫెర్మా చివరి సిద్ధాంతం మీద పనిచేసిన ఫ్రెంచ్ గణితవేత్త ఆవిడ. దీనివల్ల ఏమవుతుందంటే, ఏ సంఖ్యనైనా తీసుకుని దాని ఘాతాలు వేసుకుంటూ పోతే ఎన్ని అడుగులకు 1 దగ్గరికి తిరిగొస్తామో ఆ అడుగుల లెక్క 1000000006ని భాగించాలి. దాని భాజకాలు నాలుగే: 1, 2, 500000003, 1000000006. 1, −1 తప్ప మిగతా ఏ సంఖ్య అయినా కనీసం యాభై కోట్ల అడుగులు నడిస్తే గానీ తిరిగిరాదు. అందులోనూ వర్గం కాని ప్రతిదీ, −1 మినహాయించి, పూర్తి చుట్టు తిరుగుతుంది.

దీన్ని 10 మీద వేసి చూడు. 2కి ఇక్కడ వర్గమూలం ఉంది, అది 59713600. దాని వర్గం 3565714024960000. మన ప్రైమ్‌ని 3565714తో గుణిస్తే 3565714024959998. తేడా 2. 5కి లేదని ముందే తేలింది. వర్గాన్ని వర్గం కానిదానితో గుణిస్తే వర్గం రాదు, కాబట్టి 10కి కూడా వర్గమూలం లేదు. అంటే 10 పూర్తి చుట్టు తిరుగుతుంది. దీని అర్థం స్కూలు లెక్కల్లో చెప్పుకుంటే, 1ని 1000000007తో భాగించి దశాంశాలు రాస్తూ పోతే అంకెల వరుస మళ్లీ మొదటికి రావడానికి 1000000006 అంకెలు పడుతుంది. ఈ ప్రైమ్‌కి ఇంతకంటే పొడవైన వరుస సాధ్యం కాదు. ఏడుతో భాగిస్తే 142857 అని ఆరంకెలు తిరుగుతాయే, అదే ఆట పెద్ద మైదానంలో.

వర్గమూలం ఉందని తెలిస్తే తియ్యడం కూడా ఇక్కడ తేలిక. మన ప్రైమ్‌ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి, ఆ సంఖ్యను 250000002 ఘాతానికి ఎత్తితే చాలు, వర్గమూలం చేతిలో ఉంటుంది. ఆ 250000002 ఇందాక చూసిన నాలుగో వంతే, కుడి పక్క సంఖ్యను 4తో భాగించగా వచ్చింది.

ఎడమ పక్కలో ఒక ఇబ్బందీ ఉంది. పాలినామియల్స్‌ని వేగంగా గుణించే ఎన్‌టీటీ పద్ధతికి, ప్రైమ్‌లోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలో 2 చాలాసార్లు ఉండాలి. ఇందులో ఒక్కసారే ఉంది. అందుకే అలాంటి ప్రాబ్లమ్స్‌లో 998244353 ఇస్తారు. ఒకటి తీసేసి విడగొడితే 7 × 17 × 2²³. ప్రాబ్లమ్ చదువుతుండగానే 998244353 కనిపించిందంటే రాసినవాడు ఎన్‌టీటీ వైపు కన్నుగీటుతున్నాడేమో అని అనుమానించొచ్చు. ఈమధ్య ఆ క్లూ దొరక్కూడదని అన్నిటికీ అదే పెట్టేస్తున్నవాళ్లూ ఉన్నారు, పూర్తిగా నమ్మకు.

పక్క సంఖ్యల మహిమ మన పదంకెల ప్రైమ్‌తో ఆగదు. ఇప్పటికి తెలిసినవాటిలో అతి పెద్ద ప్రైమ్ 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. 2024 అక్టోబర్‌లో ల్యూక్ డ్యురాంట్ కనిపెట్టాడు. 4,10,24,320 అంకెలు. ఈ సైజులో చేతికొచ్చిన సంఖ్య ఏదైనా తీసుకుని అది ప్రైమే అని నిరూపించమంటే ఎవరి వల్లా కాదు. దీన్ని తేల్చగలిగారంటే కారణం దాని కుడి పక్క సంఖ్య ఉత్త 2 ఘాతం కావడం. లూకాస్–లేమర్ పరీక్ష నిలబడేది ఆ ఆధారం మీదే. మన వంద కోట్ల ఏడుకి అంత హంగామా అక్కర్లేదు. 31623 లోపు ప్రైమ్‌లు 3401. అవేవీ భాగించవని చూస్తే సరి, ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు పని.

మరి ఇదే ఎందుకన్నదానికి మొదటి కారణం గుర్తుండటం. వంద కోట్ల తర్వాత వచ్చే మొట్టమొదటి ప్రైమ్ ఇదే. సరిసంఖ్యలు పోగా మిగిలే పోటీదారులు మూడే: 1000000001 అంటే 1001 × 999001, ఘనాల మొత్తం సూత్రంతో ఇట్టే విడిపోతుంది. 1000000003 అంటే 23 × 307 × 141623. 1000000005 చివర ఐదు ఉంది, చెప్పక్కర్లేదు. వెనక్కి వెళ్తే 999999937 దాకా ప్రైమ్ లేదు. ఆ చుట్టుపక్కల సగటున 21 సంఖ్యలకొక ప్రైమ్ తగులుతుంది గానీ ఇక్కడ 70 సంఖ్యల ఖాళీ. వంద కోట్ల లోపు ప్రైమ్‌లు 5,08,47,534, ఇది ఆ తర్వాతది.

రెండోది సైజు. రెండు శేషాలు కూడితే మహా అయితే 2000000012, అది ఇంట్ (మామూలు పూర్ణాంకాల టైపు) పరిమితి 2147483647లో ఇమిడిపోతుంది. గుణిస్తే 10¹⁸ చిల్లర, ఇంకా పెద్ద టైపు లాంగ్ లాంగ్‌లో పడుతుంది. ఆ 2147483647 కూడా ప్రైమే, 1772లోనే ఆయిలర్ తేల్చాడు, కానీ దాన్ని మాడ్‌గా పెడితే కూడికలోనే ఓవర్‌ఫ్లో అవుతుంది. చిన్న ప్రైమ్ పెడితే ఇంకో తంటా. 1009 తీసుకుంటే 1009 ఫ్యాక్టోరియల్ నుంచి అన్నీ సున్నాలే, ఎన్‌సీఆర్ (కాంబినేషన్ల) ఫార్ములాలో కింద సున్నా వచ్చి కూర్చుంటుంది. వంద కోట్ల ఏడులో పది లక్షల ఫ్యాక్టోరియల్‌కి కూడా విలోమం నిక్షేపంగా ఉంటుంది.

ఆ విలోమం తియ్యడానికి 1000000005 ఘాతం వేస్తాం, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం. వర్గం మీద వర్గం చేసుకుంటూ పోతే 29 వర్గాలతో, మధ్యమధ్య కొన్ని గుణకారాలతో అయిపోతుంది. ఘాత సంఖ్యను సగం చేస్తూ పోయే ఈ ఉపాయం పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. ఇన్ని లఘుగురువులతో ఎన్ని పాదాలు పుడతాయో లెక్కించడానికి ఆయన 2 ఘాతాలను ఇలాగే కట్టాడు. గసాభా కనుక్కునే భాగహారాలతోనే విలోమం తీసే ఎక్స్‌టెండెడ్ యూక్లిడ్ వాడతానంటే అదీ సరే. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టకం పనిచేసేది ఆ దారిలోనే.

సెక్యూరిటీకి మాత్రం ఈ ప్రైమ్ పనికిరాదు. సేఫ్ ప్రైమ్ అయినా 30 బిట్లే. దాచిన ఘాతాన్ని చిన్న అడుగులతో, పెద్ద అంగలతో వెతికే బేబీ స్టెప్ జెయింట్ స్టెప్ పద్ధతిలో చెరో ముప్ఫై రెండు వేల లోపు అడుగులతో గుట్టు రట్టవుతుంది. స్ట్రింగ్ హ్యాష్‌కి, అంటే అక్షరాల వరుసను ఒక సంఖ్యగా కుదించడానికి, ఒంటరిగా వాడటం కూడా ప్రమాదమే. ముప్ఫై ఏడు వేల స్ట్రింగ్‌లు చేరేసరికి ఏవో రెండిటికి ఒకే హ్యాష్ వచ్చే అవకాశం సగానికి సగం. లక్ష స్ట్రింగ్‌లుంటే ఏవో రెండు ఢీకొనే అవకాశం నూటికి తొంభై తొమ్మిది పాళ్లు. పుట్టినరోజుల పజిల్ తెలుసుగా, అదే లెక్క. రెండు వేర్వేరు ప్రైమ్‌లు కలిపి వాడు, లేదా 2⁶¹ − 1 తీసుకో. హ్యాష్‌లో ఘాతాలు వేసే సంఖ్య, అదే బేస్ మాత్రం రన్ అయిన ప్రతిసారీ ర్యాండమ్‌గా ఎంచుకోవాలి.

మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ శనివారాలు జూనియర్ల కోడ్ చూస్తుంటాను. తరచూ కనిపించే పొరపాటు ఘాతం మీద ఘాతం ఉన్నప్పుడు. పై ఘాతాన్ని 1000000007తో తగ్గించేస్తారు. తగ్గించాల్సింది ఎడమ పక్క సంఖ్య 1000000006తో. దానికీ ఒక షరతుంది: కింది సంఖ్య మన ప్రైమ్ గుణిజమైతే జవాబు సున్నా, అది ముందే విడిగా చూసుకోవాలి. ఆ ఘాతం లెక్కలో భాగహారం వచ్చిందంటే ఇంకా జాగ్రత్త. 1000000006 ప్రైమ్ కాదు కాబట్టి సరిసంఖ్యలకు అక్కడ విలోమం ఉండదు. 2తో, 500000003తో విడివిడిగా లెక్క కట్టి, ఆ రెండు శేషాలనూ చైనీస్ రిమైండర్ సిద్ధాంతంతో ఒకటిగా కలుపుకోవాలి.

"గరిష్ఠ విలువ కనుక్కుని శేషం ఇవ్వండి" అన్న చోట శేషాలను పోల్చకు. శేషం తీశాక పెద్దదీ చిన్నదీ అన్న వరుస చెదిరిపోతుంది. అసలు విలువలనో వాటి లాగరిథమ్‌లనో పోల్చి, శేషం చివర్లో తియ్యి. తీసివేత చేసినప్పుడు సీ ప్లస్ ప్లస్‌లో రుణ శేషం వస్తుంది, ఒకసారి 1000000007 కలిపి మళ్లీ మాడ్ తియ్యాలి. పైథాన్‌లో ఆ బాధ లేదు.